గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా? ఓపీ చీటీ నుంచి రిపోర్టు దాకా

నాలుగేళ్ల కింద మా నాన్నకు సీటీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల బొమ్మ తీసే స్కాన్, రాశారు. మా ఊరి నుంచి పట్నానికి మూడు గంటల ప్రయాణం. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, పరగడుపున, ఏడున్నరకల్లా స్కానింగ్ సెంటర్ ముందు నిలబడ్డాం. పేరు పిలిచారు. "క్రియాటినిన్ రిపోర్టు ఇవ్వండి" అన్నారు కౌంటర్లో. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష అది. ఆ మాట వినడం అదే మొదటిసారి. చీటీ మీద డాక్టర్ గారు రాసే ఉన్నారు, కానీ ఆ రాత మాకు అర్థం కాలేదు, విడమరిచి చెప్పినవాళ్లూ లేరు. అప్పటికప్పుడు రక్తం ఇచ్చి రిపోర్టు తెచ్చుకునేసరికి మధ్యాహ్నం రెండైంది. మా వంతు దాటిపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. బస్టాండులో రెండు ఇడ్లీ తిని, "పోనీలేరా, రేపు వద్దాం" అన్నారు. గుండెలో అడ్డం ఉందేమోనన్న అనుమానంతో వచ్చిన మనిషి ఆరు గంటలు బస్సులో ఊగి ఇంటికి చేరారు.

నేను డాక్టర్ని కాను. ఈ నాలుగేళ్లలో ఆ ఫైలు చంకలో పెట్టుకుని ఓపీల చుట్టూ తిరిగిన కొడుకుని. ఇంకో ఇంట్లో ఎవరూ అలా వెనక్కి రాకూడదని, నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. మందులు మార్చడం, ఆపడం మాత్రం డాక్టర్ చెప్తేనే చేయాలి. ఇది చదివి చేయకండి.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఓపీకి వెళ్లే నొప్పేనా?

ఛాతీ మధ్యలో బరువుగా, పిండినట్టుగా, మంటగా నొప్పి మొదలై కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే, లేదా దాంతో పాటు చెమటలు, ఆయాసం, వాంతి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి ఉంటే ఓపీ టోకెన్ కోసం లైన్లో నిలబడకూడదు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లో ఈసీజీ తీసే ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. రోగి తానే బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. "గ్యాసేలే" అని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో ఎన్నో ప్రాణాలు తీసింది. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు. వీళ్ల విషయంలో ఇంకా తొందరపడాలి.

నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి, కొన్నాళ్లుగా పెరుగుతున్న ఆయాసం, అప్పుడప్పుడు దడ, కాళ్ల వాపు లాంటివి ఉంటే ఓపీకి వెళ్లండి. వాయిదా మాత్రం వేయకండి. ఈ మధ్యే మొదలైన నొప్పి రోజురోజుకీ ఎక్కువవుతున్నా, కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా అదే రోజు చూపించుకోవాలి.

2. ముందు రోజు రాత్రి: ఫైలు, మాత్రలు, బట్టలు

ఫైలులో కాగితాలు తేదీ వరసన పెట్టండి, కొత్తవి పైన. ఈసీజీ కాగితం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఎక్కువగా వేడికి రంగు మారే కాగితం, ఏడాదీ రెండేళ్లలో గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసుకోండి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి నల్లబడుతుంది. పాత ఈసీజీ ఎందుకంటే, కొత్తదానిలో ఏదైనా తేడా కనిపిస్తే అది నిన్న వచ్చిందా, పదేళ్లుగా ఉన్నదా అని తేల్చేది ఆ పాత కాగితమే.

మాత్రల పేర్లు గుర్తుంచుకునే ప్రయత్నం వద్దు. స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే బిళ్లలు కూడా అందులోనే. నొప్పి బిళ్లలు గుండెకూ కిడ్నీలకూ భారమవుతాయి కాబట్టి డాక్టర్‌కి తెలియాలి.

ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా రేషన్ కార్డు పెట్టుకోండి. ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ చీటీ తొందరగా తీసుకోవచ్చు. తోడుగా ఒకరు తప్పనిసరి. ఆడవాళ్లు ముందువైపు హుక్కులున్న జాకెట్టో, టాపో వేసుకుంటే ఈసీజీ, ఎకో గదుల్లో ఇబ్బంది ఉండదు.

3. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు

రద్దీ ఓపీలో మనకు దక్కేది కొద్ది నిమిషాలే. "ఏదో ఒకలా ఉంటోంది సార్" అంటే వాటిలో సగం పోయినట్టే. మా నాన్న మొదటిసారి "బాగానే నడుస్తానండీ" అన్నారు. డాక్టర్ గారు వదల్లేదు. "పెద్దాయనా, పొలం గట్టు ఎక్కితే ఆగుతావా?" అని అడిగారు. అప్పుడు బయటపడింది, రెండు నెలలుగా గట్టు దగ్గర రెండుసార్లు ఆగుతున్నారని. ఇంట్లో మాకెవరికీ చెప్పలేదు.

అందుకే ఇలా చెప్పండి: ఏం చేస్తే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, దేనితో తగ్గుతోంది, ఆరు నెలల కింద చేయగలిగి ఇప్పుడు చేయలేనిది ఏమిటి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందా, బీపీ, షుగర్, చుట్ట, సిగరెట్ సంగతి దాచకుండా చెప్పాలి. నాన్న చుట్ట సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

పరీక్ష రాసిన వెంటనే రెండు ప్రశ్నలు అడగండి. "ఈ పరీక్షతో ఏం తెలుస్తుంది సార్?" "రిపోర్టు ఎలా వస్తే ఏం చేస్తారు?" ఇవి అడగడం మర్యాద తప్పడం కాదు. మా నాన్నకు ఆ డాక్టర్ గారు రైతు భాషలోనే చెప్పారు: "మోటారుకి కరెంటు సరిగ్గా వస్తోందా చూసేది ఈసీజీ. మోటారు నీళ్లు బాగా తోడుతోందా చూసేది ఎకో. లోడు పడితే తట్టుకుంటుందా చూసేది టీఎంటీ. పైపులో అడ్డం ఉందా చూసేది యాంజియో." నాన్నకు ఇప్పటికీ ఆ నాలుగు మాటలూ గుర్తే. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. "ఈసీజీ నార్మల్ వచ్చింది, ఇంక ఏమీ లేదు" అని తేలిగ్గా తీసుకోవడం, "అన్ని పరీక్షలూ చేయించేయండి" అని పట్టుబట్టడం, ఈ రెండు పొరపాట్లూ ఇది తెలియకే జరుగుతాయి.

4. ఈసీజీ

చేతులకు, కాళ్లకు నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది తీగలు పెడతారు. ఆ పదింటితో పన్నెండు కోణాల నుంచి గుండె కరెంటును చూస్తారు. అయిదు నిమిషాల పని, షాక్ కొట్టదు, ఏమీ తినకుండా వెళ్లాల్సిన పని లేదు. ఆ రోజు ఒంటికి నూనె, పౌడరు రాసుకోకండి, అతుకులు ఊడిపోతాయి. ఏసీ గదిలో వణుకు వస్తే గీతలు గజిబిజిగా వస్తాయి, చలేస్తోందని చెప్పండి.

తీసిన ఆ కొద్ది సెకన్లలో గుండె ఎలా ఉందో మాత్రమే ఈసీజీ చెబుతుంది. నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చేవాళ్లకు పడుకోబెట్టి తీస్తే నార్మల్ రావడం మామూలే. అప్పుడప్పుడు వచ్చి పోయే దడకు 24 గంటలో, ఇంకా ఎక్కువో రికార్డు చేసే హోల్టర్ కడతారు. అది కట్టాక మామూలుగా స్నానం కుదరదు కాబట్టి ముందే స్నానం చేసి వెళ్లండి. దడ వచ్చిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం చేస్తున్నారో రాసిపెట్టండి. ఆ రాత లేకపోతే హోల్టర్ విలువ చాలావరకు తగ్గిపోతుంది.

5. ఎకో, జనాన్ని ఎక్కువగా భయపెట్టే ఆ అంకె

టూడీ ఎకో అంటే గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే. శబ్ద తరంగాలతో చేస్తారు, రేడియేషన్ లేదు. ఎడమ వైపుకి తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోమంటారు. ఛాతీ మీద చల్లగా జెల్ రాసి, ప్రోబ్ పక్కటెముకల మధ్య ఒత్తి చూస్తారు. కొంచెం నొక్కినట్టుంటుంది. పదిహేను నిమిషాల నుంచి అరగంట. తిని వెళ్లొచ్చు, మాత్రలు వేసుకోవచ్చు. మగ టెక్నీషియన్ ఉంటే ఆడమనిషి తోడు కావాలని అడగొచ్చు, అది మీ హక్కు.

ఎకోలో గుండె గదుల సైజు, గోడల కదలిక, కవాటాలు (వాల్వులు), గుండె చుట్టూ నీరు, పంపింగ్ తెలుస్తాయి. పంపింగ్‌ని ఈఎఫ్ అని రాస్తారు. స్టెంట్ (బ్లాకైన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలి గొట్టం) వేశాక మా నాన్న రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం అని ఉంది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. "నలభై శాతం పోయిందిరా" అన్నారు. తెల్లారి డాక్టర్ గారికి ఫోన్ చేస్తే తెలిసింది. గుండె నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత బయటికి నెడుతుందో అదే ఈఎఫ్. ఎవరి గుండే మొత్తం ఖాళీ కాదు. వందకి వంద ఎవరికీ రాదు. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. 60 అంటే చక్కగా పని చేస్తున్నట్టు. ఆ మాట విన్నాక నాన్న ముఖంలోకి రక్తం వచ్చింది. 40 కంటే తగ్గితే గుండె బలహీనంగా ఉందని, మందులు గట్టిగా వాడాలని అర్థం. మందులతో ఆ అంకె మళ్లీ పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొన్ని మాటలు కూడా టెన్షన్ పెడతాయి. 'ట్రివియల్ ఎమ్మార్', 'ట్రివియల్ టీఆర్' అంటే కవాటం దగ్గర లెక్కలోకి రానంత లీకు, ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. 'గ్రేడ్ వన్ డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్' అంటే గుండె సడలడంలో కొంచెం బిగువు, వయసు మళ్లినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో మామూలుగా రాస్తారు. 'ఆర్‌డబ్ల్యూఎంఏ' అని ఉంటే మాత్రం గుండె గోడలో ఒక భాగం సరిగ్గా కదలడం లేదని. డాక్టర్‌ని తప్పక అడగాల్సిన మాట అది.

ఎకోలో గుండెకు రక్తం తెచ్చే నాళాల్లోని బ్లాకులు నేరుగా కనిపించవు. ఎకో బాగుందంటే బ్లాకులు లేవని కాదు.

ఛాతీ మీద నుంచి సరిగ్గా కనపడనప్పుడు, ముఖ్యంగా కవాటాల జబ్బులో లోపల రక్తం గడ్డ ఉందేమో చూడాలంటే, అన్నవాహిక గుండా సన్నని గొట్టం పంపి ఎకో చేస్తారు. దానికి సుమారు ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి, కట్టుడు పళ్లు తీసేయాలి, గొంతు తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా నీళ్లు కూడా తాగకూడదు.

6. టీఎంటీ

ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ, బీపీ చూస్తారు. ఎక్కువ చోట్ల బ్రూస్ పద్ధతి వాడతారు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, పది శాతం ఎత్తు. ప్రతి మూడు నిమిషాలకూ వేగం, ఎత్తు రెండూ పెరుగుతాయి. అలిపిరి మెట్లు ఎక్కుతున్నకొద్దీ నిట్టనిలువైనట్టు ఉంటుంది. 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం గుండె వేగం చేరాలని చూస్తారు. అరవై ఏళ్లవారికి నిమిషానికి 136.

కడుపు నిండా తిని వెళ్లకూడదు, పస్తూ ఉండకూడదు. రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీ చాలు. పంచె, చీర, హవాయి చెప్పులతో నడవడం కష్టం, ప్యాంటో పంజాబీ డ్రెస్సో, బూట్లో వేసుకోండి. గుండె వేగం తగ్గించే మాత్రలు ఆ రోజు వేసుకోవాలా వద్దా అని ముందే అడగండి. కొందరికి ఆపమంటారు, కొందరికి వేసుకునే చేయమంటారు. వాటిని ఉన్నట్టుండి సొంతంగా ఆపితే ప్రమాదం. నడిచేటప్పుడు నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే చెప్పండి. ఓర్చుకుని పట్టుదలగా నడవాల్సిన పందెం కాదది.

పాజిటివ్ వస్తే బ్లాకులు ఉన్నట్టు తేలిపోలేదు, ఇంకా చూడాలని అర్థం. ఆడవాళ్లలో బ్లాకులు లేకుండానే పాజిటివ్ రావడం ఎక్కువ. నెగటివ్ వచ్చినా జన్మంతటికీ హామీ కాదు. మోకాళ్లు అరిగినవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, ఈసీజీలో ఎల్‌బీబీబీ (గుండె ఎడమవైపు కరెంటు దారిలో అడ్డం) అని రాసినవాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. అలాంటివాళ్లకు కిందిది రాస్తారు.

7. థాలియం స్కాన్

కొద్దిగా రేడియేషన్ ఉన్న మందు నరంలోకి ఎక్కించి చేసే పరీక్ష ఇది. ఆ మందుగా ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం అయినా జనం నోట్లో థాలియం పేరే ఉండిపోయింది. గుండె కండకు రక్తం ఎక్కడ అందుతోంది, ఎక్కడ అందడం లేదు అని బొమ్మ తీసి చూపిస్తుంది. నడవలేనివాళ్లకు ఇంజెక్షన్‌తో గుండెకు శ్రమ కల్పిస్తారు. దీనికి ఒకరోజు ముందు నుంచి కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్ మానేయాలి. తెల్లారగానే కాఫీ చుక్క పడందే ఉండలేనివాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు, పరీక్ష వాయిదా పడుతుంది. మూడు నాలుగు గంటలు పడుతుంది, మధ్యలో తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. గర్భం ఉన్నా, ఉందని అనుమానమున్నా, పాలిచ్చే తల్లైనా ముందే చెప్పాలి. ఆ రోజు చంటిపిల్లల్ని ఎంతసేపటిదాకా ఎత్తుకోకూడదో అడిగి రండి.

8. సీటీ యాంజియో

మేం వెనక్కి తిరిగి వచ్చిన పరీక్ష ఇదే. చేతి నరానికి అయోడిన్ మందు ఎక్కించి రక్తనాళాల బొమ్మ తీస్తారు. ఆ మందు కిడ్నీల గుండా బయటికి పోతుంది కాబట్టి ముందు క్రియాటినిన్ చూస్తారు. రిపోర్టు ఎన్ని రోజుల లోపుది కావాలో ఫోన్ చేసి అడగండి. ఊళ్లోనే రక్తం ఇచ్చి రిపోర్టు చేతబట్టుకుని బయల్దేరండి. తెలంగాణలో 2018లో మొదలైన టీ-డయాగ్నోస్టిక్స్ కింద ఇలాంటి రక్త పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఉచితంగా చేస్తారు.

ఫోన్‌లోనే ఇంకో మూడు విషయాలు తేల్చుకోవాలి. షుగర్ మాత్ర స్ట్రిప్పు వెనక మెట్‌ఫార్మిన్ అని ఉందేమో చూడండి. కిడ్నీలు కొంచెం నెమ్మదించినవాళ్లకు పరీక్ష తర్వాత 48 గంటలు దాన్ని ఆపమంటారు. ఉబ్బసం గానీ, ఇంతకు ముందు స్కాన్ మందు పడక దద్దుర్లు గానీ వచ్చి ఉంటే చెప్పాలి. మగతనానికి వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఈ పరీక్షలో నాలుక కింద పెట్టే మందు దానితో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

గుండె వేగం నిమిషానికి 60, 65 లోపు ఉంటే బొమ్మలు స్పష్టంగా వస్తాయి. అందుకే మాత్ర ఇచ్చి ఒక గంట కూర్చోబెడతారు. ఆ రోజు కాఫీ వద్దు. మందు ఎక్కేటప్పుడు గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. నిజంగా పోదు, భయపడకండి. ఊపిరి బిగబట్టమన్న పది సెకన్లూ కదలకుండా ఉండాలి. బస్సులో కూర్చుని నాన్నా నేనూ ఊపిరి బిగబట్టడం నాలుగైదు సార్లు ప్రాక్టీస్ చేశాం. అది బాగా పనికొచ్చింది. తర్వాత నీళ్లు బాగా తాగాలి, నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు తప్ప.

'కాల్షియం స్కోర్' దీనికన్నా చిన్న పరీక్ష, మందు ఎక్కించరు. సున్నా వస్తే మంచిదే, 400 దాటితే రక్తనాళాల్లో సున్నం బాగా పేరుకున్నట్టు. స్టెంట్ పడినవాళ్లకు దానితో ఉపయోగం లేదు.

9. గుండె ఎమ్మారై

అందరికీ రాసేది కాదు. కండ జబ్బు, కండ వాపు, మచ్చ ఎంత ఉందో చూడాలంటే రాస్తారు. ముప్పావు గంట నుంచి గంట దాకా గొట్టంలో కదలకుండా పడుకోవాలి, చప్పుడు ఎక్కువ. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించాలి. గుండెలో వేసిన స్టెంట్లకు సాధారణంగా ఇబ్బంది లేదు. మంగళసూత్రం, మెట్టెలు, గాజులు తీయమంటారు. మా అత్తకు చేయించినప్పుడు ముందురోజే పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లింది. ఆ గది బయట మెడలోది తీయాల్సి వస్తుందన్న బాధ లేకుండా పోయింది.

10. డబ్బు సంగతి

పరీక్షకు ఎంత, ఏది ఆరోగ్యశ్రీలో వస్తుంది అని రక్తం ఇవ్వకముందే అడగండి. ఆంధ్రలో ఈ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, డాక్టర్ గదికి వెళ్లే ముందే అక్కడ కార్డు చూపించండి. స్టెంట్, బైపాస్ లాంటివాటికి పథకం వర్తించినా, విడిగా ఓపీలో చేయించుకున్న పరీక్షల డబ్బు చేతి నుంచే పడుతుండవచ్చు. ఇది ముందే తెలియక అప్పు చేసినవాళ్లను చూశాను. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి.

గుండె విభాగం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు చూస్తే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు జీజీహెచ్‌లు, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె వైద్యం ఉచితం. పిల్లల గుండె జబ్బులకు తిరుపతిలో టీటీడీ 2021లో పద్మావతి హృదయాలయం తెరిచింది. వీటిల్లో రద్దీ ఎక్కువ. గుండె డాక్టర్ ఓపీ ఏ రోజుల్లో ఉందో కనుక్కుని, తెల్లవారే చేరుకోవాలి.

11. రిపోర్టు చేతికొచ్చాక

కవరు విప్పి గూగుల్‌లో వెతకడం మొదలుపెట్టకండి. రిపోర్టుతో పాటు సీడీ గానీ ఫిల్ములు గానీ అడిగి తీసుకోండి, రెండో డాక్టర్ అభిప్రాయం కావాలంటే మళ్లీ పరీక్ష చేయించక్కర్లేదు. బ్లాక్ ఉందని తేలినా, అది ఎంత శాతం, ఏ నాళంలో, మందులతో సరిపోతుందా, స్టెంట్ ఎందుకు అని నిదానంగా అడగండి. నొప్పి ఎక్కువవకుండా నిలకడగా ఉన్న మనిషికి రెండో డాక్టర్‌ని అడిగేంత సమయం మామూలుగా ఉంటుంది. గుండెపోటు వస్తున్న మనిషికి ఉండదు. అప్పుడు సంతకం పెట్టి పంపించాలి.

స్టెంట్ పడ్డాక రక్తం పల్చబడే రెండు మాత్రల్లో ఏదీ పన్ను పీకించుకోవడానికి కూడా సొంతంగా ఆపకూడదు. కవాటం మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడేవాళ్లు, ఆ మందు ఎంత పని చేస్తోందో చూసే ఐఎన్‌ఆర్ రక్త పరీక్ష తప్పించకూడదు. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గించవచ్చు, అయినా గోంగూర, తోటకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి కవాటాలు దెబ్బతిన్నవాళ్లకు మూడు వారాలకోసారి ఇచ్చే పెనిసిలిన్ ఇంజెక్షన్, స్కూలు పరీక్షలు ఉన్నా పెళ్లిళ్లు ఉన్నా తప్పకూడదు.

మా నాన్న చొక్కా జేబులో ఇప్పుడు ఒక మడత కాగితం ఉంటుంది. పేరు, వయసు, స్టెంట్ వేసిన తేదీ, ఏ నాళంలో వేశారు, ఆఖరి ఈఎఫ్, ఆఖరి క్రియాటినిన్, వాడుతున్న మాత్రలు, పడని మందు, నా ఫోన్ నంబరు. మాత్ర మారిన రోజునే కొత్త కాగితం రాసి, పాతది చింపేస్తాను.